మాట్లాడుతూ పరిగెత్తడం

మా అమ్మాయికి 14 నిండాక ఇంట్లో మాటలు బాగా తగ్గిపోయాయి. ఏం అడిగినా "ఏం లేదు", "బానే ఉంది", "తర్వాత చెప్తా", అంతే, మళ్ళీ గది తలుపు వేసుకునేది. సరిగ్గా అప్పుడే నాకు బీపీ కాస్త ఎక్కువగా ఉందని, రోజూ నడవమని డాక్టర్ గట్టిగా చెప్పారు. రెండూ కలిసొస్తాయి కదా అనుకుని, "రేపట్నుంచి పొద్దున్నే ఐదున్నరకి ఇద్దరం వాకింగ్‌కి వెళ్తున్నాం" అన్నాను. తనని అడగలేదు, చెప్పేశాను.

నాలుగు రోజులు వచ్చింది, నిద్రమొహంతో, నాకు పది అడుగులు వెనకగా. ఐదో రోజు లేవలేదు. నేను అరిచాను, తను ఏడ్చింది. ఆ కోపంలో "ఇలాగే కూర్చుంటే లావైపోతావు" అని కూడా అనేశాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

తర్వాత కూర్చుని చదివితే అర్థమైంది. టీనేజ్‌లో నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది, అందుకే వాళ్ళకి తొందరగా నిద్ర పట్టదు, అది బద్ధకం కాదు. ఆ వయసు వాళ్ళకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పదకొండింటికి కన్ను మూసే పిల్లని ఐదున్నరకి లేపితే మిగిలేది ఆరున్నర గంటలు! ఆరోగ్యం కోసమని నేను తన నిద్రే లాగేసుకున్నాను.

ఇంకో లెక్క కూడా చూశాను. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2016 నాటి అంచనాల ప్రకారం ప్రపంచం మొత్తమ్మీద 11 నుంచి 17 ఏళ్ళ వాళ్ళలో 81 శాతం మందికి అంత కదలిక లేదు, ఆడపిల్లల్లో అయితే అది 85 శాతం. దీనికి కారణాలు చాలా ఉంటాయి, కానీ ఎదుగుతున్న ఒంటి గురించి ఇంట్లో పెద్దవాళ్ళే ఒక మాట అంటే ఆ పిల్లకి నలుగురి ముందు పరిగెత్తాలని ఎలా అనిపిస్తుంది?

సారీ చెప్పాను. నీకు ఏం చేయాలనుంది, ఎప్పుడు వీలవుతుంది అని అడిగాను. రెండు రోజులు ఆలోచించి తనే ప్లాన్ తెచ్చింది: సాయంత్రం ఆరున్నరకి, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, అలా ఎనిమిది రౌండ్లు. అంటే 24 నిమిషాలు. టైమర్ తన చేతిలోనే.

మొదటి రోజు మూడో రౌండ్‌కే నాకు ఆయాసం వచ్చేసింది. తను వేగం తగ్గించి నా పక్కకి వచ్చి, "నాన్నా, ఏదైనా మాట్లాడు. మాట్లాడలేకపోతున్నావంటే స్పీడ్ ఎక్కువైనట్టు" అంది. నిజమే, మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి, అప్పుడే శ్రమ మోస్తరుగా ఉన్నట్టు. అలా రౌండ్ రౌండ్‌కీ మాట్లాడటం మా అలవాటైంది, ముందు నేనే ఆఫీసు కబుర్లు చెప్పేవాణ్ణి, అవి అయిపోయాక తను మొదలుపెట్టింది.

మూడో వారంలో ఒక రోజు, రోడ్డు వైపే చూస్తూ, స్నేహితురాళ్ళు తనని గ్రూపులోంచి తీసేసిన సంగతి చెప్పింది. జరిగి రెండు నెలలైందట. ఇంట్లో అయితే వెంటనే సలహా మొదలుపెట్టేవాణ్ణి. అప్పుడు ఊపిరి అందక ఒక్క ముక్క అనలేకపోయాను, కాబట్టి తను మొత్తం చెప్పగలిగింది. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే అది విచారణలా ఉంటుంది వాళ్ళకి, పక్కన నడుస్తుంటే మొహం చూడక్కర్లేదు, మధ్యలో ఆగిపోయినా ఇబ్బంది ఉండదు.

మధ్యలో తనకి మోకాలి చిప్ప కింద నొప్పి వచ్చింది. ఎదిగే వయసులో పరుగు, గెంతులు ఎక్కువైతే అక్కడ నొప్పి రావడం మామూలేనని డాక్టర్ అన్నారు. తగ్గేదాకా నడకే నడిచాం. ఇప్పుడు వారానికి మూడు రోజులు పుషప్స్, స్క్వాట్స్ కూడా చేస్తున్నాం, ఎముకలు గట్టిపడే వయసు ఇదే కాబట్టి. ఇలాంటివి చేస్తే పిల్లలు పొడుగు పెరగరని మా బంధువులు భయపెట్టారు, పద్ధతిగా, పెద్దవాళ్ళు చూస్తుండగా చేస్తే అలాంటిదేమీ ఉండదు. పరీక్షలప్పుడు పదిహేను నిమిషాలతో సరిపెడతాం. ఎన్ని కేలరీలు, ఎంత బరువు అన్న మాట మా ఇద్దరి మధ్యా రాదు, ఆ నియమం నాకు నేనే పెట్టుకున్నాను.

నిన్న ఆరో రౌండ్‌లో, పదో తరగతి అయ్యాక ఏ గ్రూప్ తీసుకోవాలా అని మొదలుపెట్టింది. ఎనిమిది రౌండ్లూ అయిపోయాయి, మాట అవలేదు. గేటు దాకా వచ్చాక తనే టైమర్ ఆపేసి వెనక్కి తిరిగింది. ఇంకో చుట్టు నడిచాం.