ఆదివారం మెషిన్ దగ్గర నీకేం పని?

"మెషిన్‌కు ఆదివారం లేదు. నీకుంది కదా, ఎందుకొచ్చావ్?" సోమవారం పొద్దున్నే మా ల్యాబ్ టెక్నీషియన్ అందరి ముందూ అడిగేశాడు. జర్మనీకి వచ్చాక చాలా మాటలు పడ్డాను గానీ ఇది మాత్రం చురుక్కుమంది. పని ఎగ్గొడితే తిడతారు సరే, పనికి వచ్చినందుకు కూడానా?

ఇంతకీ నేను చేసిన నేరం, ఒక కార్బన్ ఫైబర్ పట్టీ ఎలా ఉందో చూసి రావడం. 250 మిల్లీమీటర్ల పొడవు, 25 వెడల్పు. రెండు కొసలకూ గ్లాస్ ఫైబర్ బిళ్లలు అతికించి మెషిన్ దవడల్లో బిగిస్తాం. సెకనుకు 5 సార్లు లాగి వదులుతుంది, అలా పది లక్షల సార్లు. అంటే 55 గంటల పైమాటే. శుక్రవారం సాయంత్రం మొదలుపెడితే ఆదివారం రాత్రికి గానీ తేలదు. వేగం పెంచుదామంటే రెసిన్, అంటే కార్బన్ దారాలను పట్టి ఉంచే జిగురు, లోలోపల వేడెక్కుతుంది. ముక్క అలసిపోయి తెగిందో, వేడికి పాడైందో చెప్పలేం.

స్టీలుతో ఇంత టెన్షన్ లేదు. 19వ శతాబ్దంలో ఆగస్ట్ వోలర్ ఇదే దేశంలో రైలు ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయో పరీక్షించి చూశాడు. ఫలానా హద్దు లోపు ఎన్నిసార్లు లాగినా దాదాపు నిశ్చింత అన్న ధైర్యం స్టీలుకు అక్కణ్నుంచే వచ్చింది. కార్బన్ ఫైబర్ అంత స్పష్టంగా మాటివ్వదు. ముందు రెసిన్‌లో సన్నటి పగుళ్లు, తర్వాత పొరలు విడిపోవడం, చివరికి దారాలు తెగడం. ఒకే పలకలోంచి కోసిన రెండు ముక్కల్లో ఒకటి రెండోదానికి పదింతలు బతకొచ్చు. అంచు మీద టార్చి వేసి చూస్తే పొర ఎక్కడ లేస్తోందో కనిపిస్తుంది. అది చూడ్డానికే పోయాను.

నాకీ అలవాటు పరకాల దగ్గర మా పొలంలో అంటింది. రాత్రి త్రీఫేజ్ కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు బాపు స్టార్టర్ దగ్గర ఉండాల్సిందే. 2018లో 24 గంటల కరెంటు వచ్చాక కూడా పడుకునే ముందు ఒకసారి మోటార్ దాకా పోయి చెయ్యి పెట్టి చూసొచ్చేవాడు. అది మోటార్ మీద అపనమ్మకం కాదు. నడుస్తున్నదాని పక్కన మనిషుండాలి, అంతే. ఇది వీళ్లకు ఎలా చెప్పాలి?

టెక్నీషియన్ వాదనా కొట్టిపారేసేది కాదు. ముక్క తెగినా, హద్దు మీరి సాగినా మెషిన్ తనంతట తనే ఆగుతుంది. మెషిన్‌ను నడిపే నూనె గొట్టాల్లో 210 బార్ ఒత్తిడి మీద, అంటే మామూలు గాలి ఒత్తిడికి రెండొందల రెట్ల పైన ఉంటుంది. అది చిమ్మితే ఒంటరిగా ఉన్న నన్ను ఎవరు చూస్తారని ఆయన భయం. అలా అనుంటే బాగుండేది. అందరి ముందూ అడిగాడు, అదే నాకు మింగుడు పడటం లేదు.

బాపుకు ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకున్నా. "గాయిన జెప్పింది నిజమే గదరా. ఐతారం నాడన్న జర పండుకో" అన్నాడు. రాత్రంతా మోటార్ దగ్గర కూర్చున్న మనిషి చెప్పే మాటేనా ఇది!

సోమవారం పొద్దున మొదలుపెడితే బుధవారం సాయంత్రానికి అయిపోతుంది, ఆదివారం గొడవే ఉండదని టెక్నీషియన్‌కు చెప్పాను. మామూలు రోజుల్లో ఆ మెషిన్ కోసం స్టూడెంట్లు వరసలో ఉన్నారట. వచ్చే నెల చూద్దాం అన్నాడు.