అంబాజీపేట నుంచి డల్లాస్‌కి ఎన్ని గంటలు?

మా అత్తయ్యగారు వచ్చే వారం డల్లాస్ వెళ్తున్నారు, మా ఆడపడుచు పురిటికి. టికెట్ వచ్చినప్పటి నుంచి ఇంటికొచ్చిన వాళ్లందరిదీ ఒకటే ప్రశ్న, "ఎన్ని గంటల ప్రయాణమండీ?" అని.

హైదరాబాద్‌లో తెల్లవారుజామున 4 గంటలకు ఎక్కి, అదే తేదీన సాయంత్రం 4 గంటలకు డల్లాస్‌లో దిగడం. "అయితే 12 గంటలేగా!" అని తేల్చేశారు పక్కింటి పిన్నిగారు. కానీ వేసవిలో డల్లాస్ టైము మనకంటే పదిన్నర గంటలు వెనక. చలికాలంలో అయితే పదకొండున్నర. ఇప్పటి పదిన్నర కూడా కలిపితే ఇరవై రెండున్నర గంటలు: దుబాయ్‌కి 4, అక్కడ ఆగేది రెండున్నర, ఆ తర్వాత ఒకే విమానంలో 16.

మా మావయ్యగారికి ఇంకో సందేహం. "అమెరికా పడమరన ఉంటే, విమానం గ్రీన్‌లాండ్ వైపు ఎందుకు పోతుందమ్మా?" పెరట్లోంచి పంపరపనస కాయ కోసుకొచ్చాను. పెన్నుతో ముచిక దగ్గర ఉత్తర ధ్రువం, ఒక పక్క హైదరాబాద్, దాదాపు అవతలి పక్క డల్లాస్ గుర్తుపెట్టి, రెండు ఊళ్ల మధ్య దారం బిగించి లాగాను. దారం జారి జారి ముచిక పక్కకే చేరింది. ఆయన కాయను తిప్పి తిప్పి చూసుకున్నారు. తిన్నగా పోతే హైదరాబాద్ నుంచి డల్లాస్ సుమారు 14,400 కిలోమీటర్లు, ధ్రువానికి దగ్గరగా వెళ్లే దారి అది. దుబాయ్ మీదుగా అయితే మరో వెయ్యి ఎక్కువ.

వచ్చేటప్పుడు దుబాయ్ దాకా గంటకు పైనే తగ్గుతుంది. పైన పడమర నుంచి తూర్పుకి వీచే జెట్ స్ట్రీమ్ గాలి, వెళ్లేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు వెనక నుంచి తోడు.

నన్నడిగితే గంటలు లెక్కపెట్టాల్సింది ఇంటి గుమ్మం నుంచి. మధ్యాహ్నం 2 గంటలకు కారెక్కి, రావులపాలెం మీదుగా రాజమండ్రి దగ్గర మధురపూడి ఎయిర్‌పోర్టు, సాయంత్రం విమానంలో శంషాబాద్, అక్కడ అర్ధరాత్రి దాకా పడిగాపులు. అవతల ఇమిగ్రేషన్ లైను, సామాను, కారు. మొత్తం 38 గంటలకు పైనే. అరవై దాటిన మనిషికి ఇది చిన్న ప్రయాణం కాదు. అందుకే దుబాయ్‌లో గంటన్నరే ఆగే టికెట్ చవగ్గా దొరికినా వద్దన్నాను. అంత పెద్ద ఎయిర్‌పోర్టులో పరుగులు పెట్టలేరు. వీల్‌చైర్ టికెట్‌తోనే అడిగి పెట్టాం. నడవా పక్క సీటు తీసుకున్నాం, రెండు గంటలకోసారి లేచి నాలుగడుగులు వేయాలి, లేకపోతే కాళ్లు వాచిపోతాయి.

ఆవిడ దిగేసరికి మనకి రాత్రి 2.30. ఫోన్ మాత్రం ఇమిగ్రేషన్ అయ్యాక, 4.30 ప్రాంతంలో వస్తుంది. అప్పటిదాకా టెన్షన్ పడకుండా పడుకోమని మావయ్యగారికి ఇప్పటినుంచే చెబుతున్నాను.