అలిపిరి మెట్ల నుంచి ఫ్రెండ్‌షిప్ పీక్ దాకా: నా అనుభవం

మనాలి వెళ్లినవాళ్లలో చాలామంది సోలాంగ్ లోయ చూసి వెనక్కి వచ్చేస్తారు. ఆ లోయ దాటి ఇంకా పైకి నడిస్తే పీర్ పంజాల్ శ్రేణిలో ఫ్రెండ్‌షిప్ పీక్ వస్తుంది. ఎత్తు 5,289 మీటర్లు. కొత్తవాళ్లు కూడా ఎక్కగలిగిన మంచు శిఖరమని దీనికి పేరు. పోయిన జూన్‌లో నేనూ మా తమ్ముడూ అక్కడికి వెళ్లాం.

కొత్తవాళ్లు ఎక్కవచ్చంటే ఏ అనుభవమూ లేకుండా వెళ్లిపోవచ్చని అర్థం చేసుకోకండి. నిలువు గోడల్లాంటి రాళ్లు ఎక్కే పని లేదు, నిజమే. కానీ మంచు వాలు మీద కాలు జారితే ఆపుకోవడం తెలియాలి. మంచు కింద కనిపించని పగుళ్లుంటాయి, మంచు చరియలు విరిగిపడే చోట్లూ ఉంటాయి. కనీసం 3,500 మీటర్లు దాటిన ట్రెక్ ఒకటి చేసి, ఆ ఎత్తులో మీ ఒళ్లు ఎలా ఉంటుందో తెలుసుకున్నాకే దీనికి బయల్దేరండి. మేం అంతకుముందు ఉత్తరాఖండ్‌లో 3,810 మీటర్ల కేదార్‌కంఠ చేసి ఉన్నాం.

మాది తిరుపతి కాబట్టి కాళ్లకు సాధన ఎక్కడ చేయాలా అని వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు. గాలి గోపురం దాకా నిలువుగా ఎక్కించి, తర్వాత చాలాదూరం చదునుగా సాగి, చివర్లో మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ పరీక్ష పెడుతుంది. వారాంతాల్లో వీపున సంచి, అందులో నీళ్ల సీసాలు పెట్టుకుని ఎక్కేవాళ్లం. మొదట్లో నాలుగైదు కిలోల బరువు, చివరికి పది కిలోలు. అందరూ ఎక్కడం గురించే మాట్లాడతారు గానీ నన్నడిగితే దిగడమే అసలు సాధన. బస్సులో కాకుండా మెట్ల మీదే దిగి వచ్చేవాళ్లం. తొడ కండరాలు గట్టిపడేది అప్పుడే, శిఖరం నుంచి వచ్చేటప్పుడు మోకాళ్లను కాపాడేది కూడా అవే. మామూలు రోజుల్లో ఇంటి దగ్గర గంటసేపు వేగంగా నడక, స్క్వాట్లు. జిమ్‌కి వెళ్లలేదు.

అయితే తిరుమల ఎత్తు వెయ్యి మీటర్ల లోపే. కాళ్లకు ఇక్కడ ఎంత సాధన చేసినా పల్చటి గాలికి ఒంటిని ఇక్కడ అలవాటు చేయలేం. గాలిలో ఆక్సిజన్ వాటా ఎంత ఎత్తుకు వెళ్లినా అదే 21 శాతం. తగ్గేది గాలి ఒత్తిడి. 5,500 మీటర్ల దగ్గర అది సముద్ర మట్టంలో ఉన్నదానికి సగం. అందుకే 3,000 మీటర్లు దాటాక ముందు రాత్రి కంటే పడుకునే చోటు ఎత్తు 500 మీటర్లకు మించి పెరగకుండా చూసుకోమంటారు. వెళ్లేముందు డాక్టర్‌కి చూపించుకుంటే ఎత్తు జబ్బు రాకుండా డయామాక్స్ అనే మాత్ర రాసిచ్చారు, 125 మిల్లీగ్రాములు, రెండు పూటలా. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. ఆ మాత్రకు వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువ వస్తుంది. రెండూ నాకు వచ్చాయి, ముందే తెలుసు గనక కంగారు పడలేదు.

ఢిల్లీ దాకా రైలు, అక్కడి నుంచి మనాలికి రాత్రి బస్సు. 2,050 మీటర్ల మనాలిలో కాస్త ఆగి, అద్దె సామాను కొలతలు చూసుకున్నాం. స్నో బూట్ల విషయంలో మొహమాటపడొద్దు. మందపాటి మేజోడు వేసుకుని, బూటు తొడిగి, వాలుగా ఉన్నచోట కిందికి నడిచి చూడండి. బొటనవేలు ముందుకు గుద్దుకుంటుంటే వేరే జత అడగండి. నేను మూడో జత దాకా మార్పించాను. మంచులో జారకుండా బూట్ల కింద తొడిగే ఇనప పళ్ల క్రాంపాన్లను కూడా అక్కడే ఆ బూట్లకు బిగించి చూసుకోవాలి. పైకి వెళ్లాక మార్చుకోవడం కుదరదు.

అటల్ టన్నెల్ మొదలయ్యే ధుండీ దాకా జీపు వెళ్తుంది. అక్కడి నుంచి భోజపత్ర చెట్ల మధ్య, బియాస్ పాయ పక్కనే నడిచి బకర్‌థాచ్ చేరాం. దాదాపు 3,300 మీటర్లు. వేసవిలో గద్దీ కాపరులు గొర్రెల్ని తోలుకొచ్చే పచ్చిక బయలు అది. ఎదురుగా హనుమాన్ టిబ్బా శిఖరం తెల్లగా నిలబడి ఉంటుంది. మర్నాడు బియాస్ నది పుట్టే బియాస్ కుండ్ దాకా ఎక్కి, మళ్లీ బకర్‌థాచ్‌కే వచ్చి పడుకున్నాం. పగలు ఎత్తుకు వెళ్లి రాత్రి కిందికొచ్చి పడుకోవడం వల్లే ఒళ్లు అలవాటు పడుతుంది. ఆ రోజు దండగని మా బృందంలో ఒకరిద్దరు సణిగారు. నా దృష్టిలో మొత్తం ప్రయాణంలో అంతకంటే విలువైన రోజు లేదు.

అక్కడి నుంచి 3,800 చిల్లర మీటర్లలో ఉన్న లేడీ లెగ్ క్యాంపు. టెంట్ల చుట్టూ మంచే. ఆ సాయంత్రమే తమ్ముడికి తలనొప్పి మొదలైంది. వాడు నాకంటే ఆరేళ్లు చిన్నవాడు, రోజూ పరుగు తీసే మనిషి. అలిపిరి మెట్లు నాకంటే ముందే ఎక్కేసి పైన కూర్చుని ఉండేవాడు. ఎత్తు జబ్బు వయసునీ బలాన్నీ చూసి రాదు.

“అన్నం వద్దక్కా, వాసన చూస్తేనే వాంతి వచ్చేలా ఉంది” అన్నాడు.

నెత్తురులో ఆక్సిజన్ శాతం చూపించే ఆక్సిమీటర్ వేలికి పెడితే నాకు 86, వాడికి 74. గైడ్ టెంట్ బయట మంచు తొక్కి చదును చేసి, ఒక కాలి మడమకు ఇంకో కాలి వేళ్లు ఆనిస్తూ తిన్నగా నడవమన్నాడు. తమ్ముడు టార్చి వెలుగులో అడుగు అడుగూ చూసుకుంటూ నడిచాడు. తూలలేదు. మెదడులో వాపు వస్తే ఆ నడక కుదరదట, అప్పుడు అర్ధరాత్రయినా సరే కిందికి దించాల్సిందే. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ఊరికే కూర్చున్నా ఆయాసం, దగ్గు వస్తాయి. అవేవీ లేకపోయేసరికి మాత్ర ఇచ్చి, ఆ రాత్రికి అక్కడే ఉంచి, లేపి లేపి చూస్తూ వచ్చారు. పొద్దున్నకి కూడా తలనొప్పి తగ్గలేదు.

“ఇంకో పూట చూద్దాం, తగ్గిపోద్ది” అన్నాడు వాడు.

“తగ్గకపోతే పైకి ఎటూ వెళ్లలేవు. దిగితే మధ్యాహ్నానికే తగ్గిపోతుంది” అన్నాడు గైడ్. గొంతు పెంచలేదు, బతిమాలలేదు. నేనూ దిగిపోతానన్నాను. తమ్ముడు ఒప్పుకోలేదు. “నువ్వు ఎక్కక్కా, నేను కింద వేడన్నం తిని పడుకుంటా.” సహాయ గైడ్ వాడి సంచి తనే మోసుకుని వెంట దిగాడు. మధ్యాహ్నం రెండింటికి వాకీటాకీలో కబురొచ్చింది: తలనొప్పి పోయింది, రెండు ప్లేట్లు అన్నం తిన్నాడు. ఆ మాట విన్నాకే నా మనసు పాఠం మీద నిలిచింది.

పాఠం అంటే మంచు మీద నడక. క్రాంపాన్ల ఇనప పళ్లన్నీ ఒకేసారి మంచులో దిగేలా పాదం చదునుగా వేయాలి. మామూలుగా నడిచినట్టు మడమ ముందు పెడితే జారుతుంది. కాళ్లు కాస్త ఎడంగా వేయాలి, లేకపోతే ఒక కాలి పళ్లు ఇంకో కాలి పిక్క మీద తొడిగిన గేటర్‌కి తగులుకుని బోర్లా పడతాం. తర్వాత ఐస్ యాక్స్‌తో, అంటే మంచు గొడ్డలితో, ఆపుకోవడం. కింద ప్రమాదం లేని చిన్న వాలు చూసి కావాలనే జారమంటారు. జారిన మరుక్షణం బోర్లా తిరిగి, గొడ్డలి మొనను భుజం దగ్గర మంచులో దింపి, ఛాతీ బరువంతా దాని మీద వేయాలి. క్రాంపాన్లు ఉంటే పాదాలు పైకెత్తి ఉంచాలి. అవి మంచుకు తగిలాయంటే మనిషి పల్టీ కొడతాడు. వెల్లకిలా, తల కిందికి ఉండేలా జారినప్పుడు ఎలా తిరగాలో కూడా నేర్పించారు. ఆలోచించకుండానే చెయ్యి అటు వెళ్లేదాకా చేయించమని గైడ్‌ని అడిగి మరీ చేశాను. ఈ ఒక్క పాఠం కోసం సగం రోజు కూడా ఇవ్వని సంస్థతో వెళ్లొద్దు.

ఆ సాయంత్రం ఆకలి లేదు. ఎత్తులో ఎవరికీ ఉండదు, అయినా తినాలి. ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ చిన్న డబ్బా తీస్తే నూనె పేరుకుపోయి ఉంది. చొక్కా లోపల పెట్టుకుని కరిగించి, పప్పన్నంలో కలుపుకుంటే ప్లేటు ఖాళీ అయింది. మేజోళ్లు, హెడ్‌ల్యాంప్, దాని బ్యాటరీలు స్లీపింగ్ బ్యాగ్‌లోకే. చలికి బ్యాటరీలు త్వరగా నీరసిస్తాయి. సీసాలో నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి దాన్ని తలకిందులుగా పెట్టుకోవాలి.

అర్ధరాత్రి బయల్దేరాం. ఆ వేళకు మంచు గట్టిగా ఉంటుంది, ఎండెక్కాక మెత్తబడి కాళ్లు కూరుకుపోతాయి, చరియల ముప్పు కూడా పెరుగుతుంది. పది దాటితే ఎక్కడున్నా వెనక్కే అని గైడ్ ముందే చెప్పాడు. క్యాంపు నుంచి శిఖరానికి దాదాపు 1,450 మీటర్ల ఎక్కుడు. కొన్ని బృందాలు మధ్యలో ఇంకో క్యాంపు వేసుకుంటాయి. ఎవరైనా అడిగితే ఆ పద్ధతే మంచిదంటాను.

చీకట్లో హెడ్‌ల్యాంప్ వెలుగు ఎంత మేర పడితే అంతే లోకం. ఒక అడుగు, వెనక కాలు నిటారుగా పెట్టి దాని మీద బరువు వేసి ఒక ఊపిరి, మళ్లీ ఒక అడుగు. మాట్లాడగలిగినంత నెమ్మదిగా నడవమనేవాడు గైడ్. పగుళ్లున్న చోట అందర్నీ ఒకే తాడుకు కట్టాడు. తాడు నేల మీద ఈడ్చుకోకూడదు, ముందు మనిషిని లాగనూ కూడదు. తెల్లవారుజామున నాలుగింటికి చలి ఎముకల్లోకి దిగింది. వేళ్లు మొద్దుబారితే ఆగి, చేతులు గిరగిరా తిప్పమన్నాడు. సూదులు గుచ్చినట్టు నెత్తురు తిరిగి వచ్చింది.

వెలుతురు వచ్చాక వాలు ఎంత నిలువుగా ఉందో తెలిసింది. చివరి గట్టు కింద ప్రతి ఇరవై అడుగులకూ ఆగాను. “దీదీ, పైకి చూడొద్దు, నా అడుగులు చూడండి” అన్నాడు గైడ్. మంచులో అతను తన్ని చేసిన గుంటల్లోనే కాళ్లు పెడుతూ పోయాను. ఎనిమిదిన్నరకి ఇక ఎక్కడానికి ఏమీ మిగల్లేదు. ఎదురుగా హనుమాన్ టిబ్బా, అటువైపు దూరంగా దేవ్ టిబ్బా, ఇంద్రాసన్ శిఖరాలు. ఏడ్చేశాను. నల్ల కళ్లద్దాలు మాత్రం తీయలేదు, మంచు మీద ఎండ కళ్లను కాల్చేస్తుంది. పావుగంట ఉన్నామేమో.

ఎక్కినదానికంటే దిగడానికే ఎక్కువ జాగ్రత్త పడ్డాను. ఒళ్లు అలిసిపోయి, పని అయిపోయిందని మనసు సడలే వేళ అది. మెత్తబడిన మంచు క్రాంపాన్ల కింద ముద్దలు కట్టి పళ్లను కప్పేస్తుంది. నాలుగడుగులకోసారి ఐస్ యాక్స్ కర్రతో బూటు అంచున కొట్టి రాల్చుకోవాలి. మెత్తటి మంచులో మడమ ముందుగా గట్టిగా దింపాలి, మోకాలు కొంచెం వంచి. మా వెనక ఒకాయన జారాడు. రెండు మూడు మీటర్లలోనే బోర్లా తిరిగి గొడ్డలి దింపి ఆగిపోయాడు. ముందురోజు నాతో పాటే నేర్చుకున్న మనిషి.

క్యాంపులో సూప్ తాగి, కాసేపు నడుం వాల్చి, మర్నాడు బకర్‌థాచ్‌కి దిగాం. తమ్ముడు ఎదురొచ్చి నా సంచి అందుకున్నాడు. ఆక్సిమీటర్ పెడితే వాడికి 91. “వచ్చేసారి మనాలిలో ఇంకో రెండు రోజులు ఎక్కువ ఉందామక్కా, మధ్య క్యాంపు వేసేవాళ్లతో వెళ్దాం” అన్నాడు. అదీ సబబే.

మనాలిలో సామాను తిరిగిచ్చేటప్పుడు గైడ్‌తో చాలాసేపు మాట్లాడాం. ఈ పని సరిగ్గా నేర్చుకోవాలంటే పర్వతారోహణ సంస్థల్లో దాదాపు నాలుగు వారాల బేసిక్ కోర్సు ఉంటుంది. మనాలిలో ఒకటుంది, ఉత్తరకాశీలో, డార్జిలింగ్‌లో కూడా ఉన్నాయి. మన దగ్గర భువనగిరి కోట రాళ్ల మీద కూడా ఎక్కడం నేర్పుతారు. 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మలావత్ పూర్ణ తొలి పాఠాలు అక్కడే నేర్చుకుంది. ముందు భువనగిరి వెళ్లి తాళ్ల పని నేర్చుకుని, ఆ తర్వాత బేసిక్ కోర్సుకు దరఖాస్తు పెడదామని ఇద్దరం అనుకున్నాం. దరఖాస్తుకు డాక్టర్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి. తమ్ముడికి లేడీ లెగ్‌లో వచ్చినదంతా తేదీ, ఎత్తు, ఆక్సిమీటర్ అంకెలతో సహా రాసి పెట్టాను, ఆ కాగితం డాక్టర్‌కి చూపించాలి.