మూడు మెట్ల స్టాలు

శిల్పారామంలో మొదటిసారి మా లక్క బొమ్మల స్టాలు పెట్టినప్పుడు నేను చేసిన అలంకరణ తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. బల్ల మీద ఎర్ర శాటిను గుడ్డ, దానికి జరీ లేసు, వెనకాల ప్లాస్టిక్ బంతిపూల దండలు. అచ్చం పెళ్లిపందిరిలా ఉందని మురిసిపోయాను. మధ్యాహ్నం దాకా ఎవరూ ఆగలేదు. ఆగిన ఒక్కావిడా "ఆ దండలెంతకిస్తావమ్మా?" అనడిగింది.

మాది ఏటికొప్పాక, వరాహ నది ఒడ్డున. మావయ్యగారు, మా ఆయన లక్క బొమ్మలు చేస్తారు. మిషను మీద తిరిగే అంకుడు కర్రని ఉలితో తీర్చి, అది తిరుగుతుండగానే రంగు లక్క ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. పైన మొగలాకుతో రుద్దితే మెరుపు. పసుపు, నీలిమందు, జాఫరా గింజల్లాంటి వాటితో చేసిన రంగులు కదా, నెమ్మదిగా ఉంటాయి. వాటిని తీసుకెళ్లి ఎర్ర శాటిను మీద పెట్టాను! పైగా నెత్తి మీద తెల్ల ట్యూబులైటు. పసుపు బొమ్మలు జ్వరమొచ్చినట్టు పాలిపోయాయి.

రాత్రి అత్తగారికి ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాను. "కొలువు పెట్టినప్పుడు బొమ్మలన్నీ కిందే పరిచేస్తామేటి? మెట్లు కట్టుకోవేటి?" అన్నారు.

తెల్లారి బొమ్మలు తెచ్చిన అట్టపెట్టెలే బోర్లించి మూడు మెట్లు కట్టాను. పైన కప్పుకోడానికి తెచ్చుకున్న తెల్ల నేత దుప్పటి పరిచాను. బయటికెళ్లి రెండు పసుపు బల్బులు కొనుక్కొచ్చాను. దూరం నించి చూస్తే మా బొమ్మలేనా అనిపించింది. మధ్యాహ్నానికి ఒక బుడ్డోడు మోచెయ్యి ఆనించాడు, పెట్టె లోపలికి దిగబడి లక్కపిడతలన్నీ పక్క స్టాలు బల్ల కిందకి దొర్లిపోయాయి. ఇప్పుడు ప్లైవుడ్ పెట్టెలు చేయించుకున్నాం. వెళ్లేటప్పుడు వాటిలోనే సరుకు, అక్కడ అవే మెట్లు.

కింది మెట్టు పిల్లలది. అక్కడ పళ్లెం నిండా బొంగరాలు పోస్తాను, ఎవరైనా తిప్పుకోవచ్చు. పిల్లాడు ఆగితే అమ్మా నాన్నా ఆగాల్సిందే. మధ్య మెట్టు మీద లక్కపిడతలు. అమ్మమ్మలు "ఓసి, ఇవింకా చేస్తున్నారా!" అని చేతిలోకి తీసుకునేది ఇక్కడే. పై మెట్టు మీద దేవుళ్లు, కుంకుమ భరిణెలు. వీటికి ధర చీటీలు దారంతో కడతాను, స్టిక్కరైతే జిగురు మరక మిగులుతుంది. ధర కనబడకపోతే చాలామంది అడగడానికి మొహమాటపడి వెళ్లిపోతారు. నేను బల్ల వెనక కూర్చోవడం మానేసి పక్కన స్టూలేసుకుంటున్నాను. బొమ్మ చేతిలోకి తీసుకునేదాకా నోరెత్తను.

నాకు ఒళ్లు మండే ప్రశ్నొకటుంది. "ఇవి కొండపల్లి బొమ్మలా?" అది కాదంటే, కర్ణాటకలో చేసే లక్క బొమ్మల పేరెత్తి "చన్నపట్నంవా?" మా బొమ్మలకి 2017లోనే భౌగోళిక గుర్తింపు వచ్చిందని కార్డు రాసి పెట్టాను, ఒక్కరూ చదవలేదు. కార్డు తీసేసి బెరడు ఊడని అంకుడు ముక్క, సగం తిప్పిన ముక్క, తయారైన భరిణె వరసగా పెట్టాను. ఇప్పుడు వాళ్లే "ఇదేం కర్ర?" అనడుగుతారు. కొండపల్లి వాళ్లది పొణికి చెక్కతో చేసే బొమ్మ, మాది మిషను మీద తిప్పే అంకుడు కర్ర అని అప్పుడు చెబుతాను.

స్టాలు పడమటి ముఖంగా వస్తే మాత్రం నాలుగింటికల్లా ముందు ఓ పల్చటి గుడ్డ వేలాడదీయాలి. మా రంగులు ఎండకి తొందరగా వెలుస్తాయి.

పళ్లెంలోంచి రోజుకి రెండు మూడు బొంగరాలు పిల్లల జేబుల్లోకి పోతాయి. ఇంటికెళ్లాక మావయ్యగారు లెక్కడిగితే వాటినీ అమ్ముడైనవాటిలోనే కలిపి చెప్పేస్తాను.