19 ఇచ్చినా తగ్గలేదు

పదకొండున్నర దాటింది. కోపం తగ్గకపోవడంతో నిద్ర రావడం లేదు.

సాయంత్రం నాన్నగారు డాలస్‌లో ఉన్న చిన్నవాడితో వీడియో కాల్‌లో ఉన్నారు. అదే ల్యాప్‌టాప్‌లో, పెళ్ళి క్యాసెట్ నుంచి ఎక్కించిన మూడు గంటల వీడియోను ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రామ్ కుదిస్తోంది. ప్రాసెసర్‌లోని నాలుగు కోర్లనూ అదే ఆక్రమించింది. "వాడి పెదవులు కదులుతున్నాయి కానీ మాట రావడం లేదమ్మా" అన్నారు.

ఆ పని ఆపేసి, అదే టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే విండోలో) నైస్ 19తో మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను. నైస్ అంటే ఒక పని మిగతావాటికి ఎంత దారి ఇవ్వాలో చెప్పే అంకె, అది పెరిగేకొద్దీ ప్రాధాన్యం తగ్గుతుంది. లినక్స్‌లో ప్రాధాన్యం అంతకన్నా దిగదు. ప్రాసెసర్‌లో వాటా తేల్చే బరువు మామూలు ప్రాసెస్‌కు, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌కు, 1024 అయితే దీనికి 15. పూర్తిగా పక్కకు తప్పుకోవలసినది. తప్పుకోలేదు. నడుస్తున్న పనులను చూపించే టాప్‌లో చూస్తే 19 అని స్పష్టంగా కనిపిస్తోంది, చిత్రం మాత్రం ఆగి ఆగి కదులుతోంది. నాన్నగారు "తర్వాత మాట్లాడతాలేరా" అని పెట్టేశారు. వారానికి ఒక్కసారి దొరికే అరగంట అది.

భోజనాలయ్యాక మాన్యువల్ తిరగేస్తే కారణం తెలిసింది. ఆటోగ్రూప్. లినక్స్ మూల భాగమైన కెర్నెల్‌లో, 2011లో 2.6.38తో వచ్చిన ఏర్పాటు. ఒక్కో సెషన్‌లోని (ఉదాహరణకు ఒక టెర్మినల్‌లోని) ప్రాసెస్‌లన్నిటినీ ఒక గుంపుగా కట్టి, గుంపుల మధ్య ప్రాసెసర్‌ను పంచుతుంది. నైస్ విలువ చెల్లేది ఆ గుంపు లోపలే. నా టెర్మినల్ గుంపులో ఎఫ్ఎఫ్ఎంపెగ్ తప్ప పని చేసేది ఇంకేదీ లేదు. ఇక అది ఎవరికి దారి ఇస్తుంది? తగ్గమంటే తగ్గానని చూపించి లోపల తగ్గకపోవడం నాకు మోసంగా అనిపించింది. పనిచేయని చోట ఆ అంకెను చూపించడం దేనికి?

మా ఊరి పిండి మర గుర్తొచ్చింది. కిలో బియ్యం డబ్బా పట్టుకుని నేను నిలబడితే, ముందు యాభై కిలోల బస్తాలు ఉండేవి. మర తాత రెండు బస్తాల మధ్య నా డబ్బా పోసేసి పంపేవాడు. అదే మిరపకాయలు తెచ్చినవాళ్ళు ఎంత బతిమాలినా సాయంత్రం దాకా ఆగవలసిందే. కారం పట్టాక మళ్ళీ బియ్యం పోయాలంటే తవుడు పోసి తిప్పి శుభ్రం చేయాలి, ఆ సేపు మర తిరిగినా ఎవరికీ పిండి రాదు. ప్రాసెసర్ పని మార్చినప్పుడూ ఇంతే. దాని దగ్గరుండే చిన్న మెమరీ అయిన క్యాష్‌లో పాత పని తాలూకు డేటా ఉంటుంది, కొత్తది చేరేదాకా నడక నెమ్మదే. మాటిమాటికీ మారిస్తే అందరికీ వెంటనే పలకవచ్చు, బస్తాలు మాత్రం తెమలవు. పెద్ద బస్తా వాడిదీ ఎదురుచూపే కదా అని అప్పుడు నాకు తోచలేదు.

ఇంతవరకు రాశాక ఆటోగ్రూప్ మీద కోపం నిలవడం లేదు. ఇరవై పనులతో కెర్నెల్ కంపైల్ చేస్తుంటే (కోడ్ నుంచి తయారుచేస్తుంటే) పక్కన నడిచే వీడియో ఇరవై ఒకరిలో ఒకటి అయిపోయేది. గుంపులు కట్టాక ఇద్దరిలో ఒకటి. అది రాసింది నాన్నగారిలాంటి వాళ్ళ కోసమే. ఎవరూ ఏ అంకే ఇవ్వకపోయినా వాళ్ళ వాటా నిలవాలని. చూపించే అంకె విషయంలో మాత్రం నా ఫిర్యాదు అలాగే ఉంది.

మర తాత చేసిన పని కెర్నెల్‌లోకి ఈ మధ్యే వచ్చింది. 2023లో 6.6తో వచ్చిన, వంతులు నిర్ణయించే ఈఈవీడీఎఫ్ పద్ధతి ప్రతి పనికీ ఒక గడువు కడుతుంది. ప్రాసెసర్ సమయంలో చిన్న ముక్క అడిగినదానికి గడువు ముందు పడుతుంది, వాటా మాత్రం పెరగదు. నా డబ్బాకు తొందరగా వంతు వచ్చింది, పిండి కిలోనే వచ్చింది.

ఇప్పుడు ప్రాసెస్‌ల వివరాలుండే ప్రోక్ ఫోల్డర్‌లో ఆ ప్రాసెస్ తాలూకు ఆటోగ్రూప్ ఫైలులోనే 19 రాశాను. వెంటనే తగ్గింది. ఆదివారం దాకా ఆగకుండా రేపే కాల్ చేయమని చిన్నవాడికి మెసేజ్ పెట్టాను. వీడియో 34 శాతం దగ్గర ఉంది. అమ్మ పసుపు చీరలో పందిరి కిందకి వచ్చే చోటికి ఇంకా చేరలేదు.