34లో 4 మడత పడింది

బొమ్మ కారు తలుపు మీద 34 అనే నంబరు డెకాల్స్, అంటే నీళ్లలో నానబెట్టి అతికించే స్టిక్కర్లు, అంటిస్తున్నా. 3 చక్కగా కూర్చుంది. 4 మాత్రం తలుపు మీదికి జారేలోపే మడత పడిపోయింది. గోరువెచ్చని నీళ్లలో 30 సెకన్లు చాలు. ఫోన్ మోగడంతో రెండు నిమిషాలు నానబెట్టేశా. తప్పు నాదే.

బొమ్మేమో 1/25 స్కేలు, అంటే అసలు కారులో 25వ వంతు, షెవ్రొలే బెల్ ఎయిర్, 1962 మోడల్. అమెరికా రేసు డ్రైవర్ వెండెల్ స్కాట్ నీలం కారు.

1963 డిసెంబరు 1న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో జరిగిన రేసు ఈ కారుతోనే గెలిచాడాయన. విజేతగా ప్రకటించింది మాత్రం ఇంకో డ్రైవర్ బక్ బేకర్‌ని. కొన్ని గంటలయ్యాక, జనం వెళ్లిపోయాక, ల్యాపుల (ట్రాక్ చుట్టూ తిరిగిన చుట్ల) లెక్క తప్పిందని, గెలిచింది స్కాటేనని తేల్చారు. రెండు ల్యాపులు ముందున్న మనిషి ఎలా కనబడలేదో మరి! అమెరికా కార్ల రేసుల సంస్థ నాస్కార్ పెద్ద సిరీస్‌లో ఒక నల్లజాతి డ్రైవర్ గెలవడం అదే మొదటిసారి.

ఆ గెలుపుకి నాస్కార్ నుంచి ట్రోఫీ ఇంటివాళ్లకు అందింది 2021లో. అప్పటికి ఆయన పోయి 30 ఏళ్లు దాటింది.

తడి బ్రష్‌తో పావుగంట కుస్తీ పట్టి మడత విప్పా. 4 కాలి దగ్గర చిన్న చిరుగు మిగిలింది. మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసి, "ఎక్కడండీ?" అంది.

నాకు మాత్రం అదొక్కటే కనబడుతోంది. తడి ఆరిపోయాక, పొద్దున రంగు అద్దాలి.