అమ్మ వాళ్ళింటి రేకులకి స్క్రూలన్నీ మార్చాం

వంటింట్లో బియ్యం డబ్బా పక్కన ఒక స్టీలు గిన్నె కనబడింది. ఇదేంటమ్మా ఇక్కడ అంటే "వానొస్తే కారుతోంది నాన్నా, రెండు చుక్కలేలే" అంది. గిన్నెలో నీళ్ళు ఎండిపోయి అడుగున కాఫీ రంగు మడ్డి మిగిలింది, వేలితో తీసి రాస్తే గరగరలాడింది. మట్టి కాదది, తుప్పు. తలెత్తి చూస్తే రేకు అడుగున స్క్రూ దిగిన చోట చుట్టూ ఎర్రగా వలయం, దాని నుంచి రేకుని మోసే సి ఛానల్ (సి ఆకారంలో మడిచిన ఇనుప పట్టీ) వెంబడి ఒక చార.

మా ఊరు భీమిలి దగ్గర, ఇంటికీ సముద్రానికీ కిలోమీటరు కూడా ఉండదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు పాత సిమెంటు రేకులు సగం పగిలిపోయాయి, నాలుగు ఎక్కడికి ఎగిరిపోయాయో ఇప్పటికీ తెలీదు. ఆ తర్వాత నాన్న అప్పు చేసి మరీ నీలం రంగు కలర్ కోటెడ్ రేకులు వేయించారు. రేకులు ఇప్పటికీ బానే ఉన్నాయి, రంగు కొంచెం వెలిసింది అంతే. పోయింది స్క్రూలు. రేకు మీద జింకు, దాని మీద రంగు ఇలా పొరలుంటాయి గానీ అప్పట్లో కొట్టిన స్క్రూలకి ఉన్నది సన్నటి జింకు పూత ఒక్కటే, ఉప్పు గాలికి అది ఎన్నాళ్ళు ఆగుతుంది చెప్పండి.

ఊళ్ళో రేకులు కట్టే అన్నని పిలిస్తే పైకెక్కి చూసి "తారు ముద్దలు పెట్టేద్దాం బాబూ, గంటలో అయిపోద్ది" అన్నాడు. రెండేళ్ళ కింద కూడా ఎవరో అలాగే పెట్టి వెళ్ళారంట, అక్కడక్కడా నల్లటి ముద్దలు కనిపిస్తూనే ఉన్నాయి. సరే ముందు ఒకదాన్ని గీకి చూద్దాం అన్నా. స్క్రూడ్రైవర్‌తో తారు పెకిలిస్తే ముద్దతో పాటు స్క్రూ తల కూడా వచ్చేసింది, చేత్తో నలిపితే బిస్కెట్ పొడిలా రాలింది. కింద కాడ మిగిలింది గానీ గుండుసూది కన్నా కాస్త లావుంది అంతే. పైనుంచి చూస్తే మాత్రం ఏమీ తెలియదు, తారు నున్నగా మెరుస్తోంది. అది చూశాక అన్న కూడా ఏమీ అనలేదు.

అసలు నాకు భయం వేసింది కారడం గురించి కాదు. కారితే గిన్నె పెట్టుకుంటాం. రేకుని పైపుకి పట్టి ఉంచేది ఆ స్క్రూ ఒక్కటే, తుఫాను గాలి రేకు మీద నుంచి పోతున్నప్పుడు కిందకి నొక్కదు, పైకి లాగుతుంది, అందులోనూ చూరు అంచులూ మూలలూ దగ్గర లాగుడు చాలా ఎక్కువ. మన దేశంలో గాలి లెక్కలకి వాడే ఐఎస్ 875లో విశాఖకి ఇచ్చిన వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ గాలికి తారు ముద్ద ఏం పట్టుకుంటుంది? ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. అందుకే మొత్తం మార్చేద్దాం అని తేల్చేశా, ఆగస్టు చివర్లో వానలు తెరిపిచ్చిన నాలుగు రోజులు పొద్దున్నే ఎక్కి చేశాం.

మొదటి రోజు ఊరికే లెక్కపెట్టా. మొత్తం 212. అందులో తల ఎర్రబడ్డవి 131, తారు ముద్దలు 23, తలే లేనివి 17, బాగున్నవి 41. ఎక్కడెక్కడ పాడయ్యాయో చూస్తే ఇంకో సంగతి తెలిసింది. సముద్రం వైపు అంచు పోవడం సరే, ఊహించిందే. కానీ మేడ గోడ పక్కన, వాన చినుకు సరిగ్గా పడని వరుస ఉంది చూశారూ, అక్కడ ఇంకా ఘోరంగా ఉన్నాయి. కారణం ఏంటంటే బయట ఉన్నవాటి మీద ఉప్పుని వాన కడిగేస్తుంది, ఆ మూలన కడిగేవాళ్ళు లేరు, ఉప్పు పేరుకుని రాత్రి మంచుకి తడిసి అలాగే తింటూ ఉంటుంది. అలాగే వేప చెట్టు కింద ఆకులు పట్టేసిన చోట కూడా. కాబట్టి మీ ఇంటి మీద చూసేటప్పుడు వాన తగలని చోట్ల ముందు చూడండి.

సాయంత్రమే తలల మీద వైర్ బ్రష్‌తో రుద్ది, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేసేవాళ్ళం. పొద్దున డ్రిల్‌కి 8 ఎంఎం సాకెట్ పెట్టి ఇప్పడం. ఇక్కడ అన్న చెప్పిన కిటుకు బాగా పనిచేసింది, ముందు విప్పే వైపు తిప్పకూడదంట, బిగించే వైపు ఒక్క పిసరు తిప్పి అప్పుడు వెనక్కి తిప్పాలి, టక్ మని శబ్దం వస్తుంది, అప్పుడు వదులుతుంది. తల అరిగిపోయి సాకెట్ జారిపోతుంటే గ్రిప్ ప్లయర్‌తో గట్టిగా పట్టి చేత్తో తిప్పాం. తలలు తెగిపోయినవాటికి వంటింటి వైపు సి ఛానల్ ఉంది కాబట్టి స్క్రూ మొన కిందకి పొడుచుకొచ్చి ఉంటుంది, నేను నిచ్చెనేసుకుని కింద నుంచి ప్లయర్‌తో తిప్పితే బయటికొచ్చేశాయి. వసారా వైపు చదరం పైపులు, మొన పైపు లోపలే ఉండిపోతుంది, అక్కడ 11 రాలేదు. వాటిని అలా వదిలేసి అదే పైపు మీద అంగుళం పక్కన కొత్తది కొట్టి, పాత బెజ్జం మీద చిన్న రేకు ముక్క సిలికాన్ రాసి రివెట్లు వేశాం. గ్రైండర్ పెట్టి కోసేద్దామన్నాడు అన్న గానీ నేను వద్దన్నా, ఆ నిప్పురవ్వలు రేకు మీద పడితే రంగు కాలిపోయి ఒక్కో చుక్కా ఒక్కో తుప్పు మచ్చ అవుతుంది.

సిలికాన్ అన్నా కదా, అందులోనూ చూసుకోవాలి. కొన్ని ట్యూబులు రాస్తుంటే వెనిగర్ వాసన కొడతాయి, అవి ఆరేటప్పుడు ఆసిడ్ వదులుతాయి, జింకుని తినేస్తాయి. న్యూట్రల్ అని రాసి ఉన్నదే అడిగి తీసుకోండి.

స్క్రూల దగ్గర షాపులో పెద్ద చర్చే అయింది. తుప్పే కదా సమస్య, స్టెయిన్‌లెస్ స్టీలువి వేసెయ్యండి సార్ అన్నారు. వినడానికి బానే ఉంటుంది. కానీ జింకు పూత రేకులో స్టెయిన్‌లెస్ స్క్రూ దిగి ఉప్పు నీళ్ళు తగిలితే రెండు లోహాలూ కలిసి చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి, స్క్రూ బానే ఉంటుంది, చుట్టూ రేకు తినేసి బెజ్జం పెద్దదవుతుంది. స్క్రూ మార్చడం తేలిక, రేకు మార్చడం తేలికా? సముద్రం పక్కన వాడేందుకు మందమైన పూత వేసినవి వేరే ఉంటాయి, ప్యాకెట్ మీద క్లాస్ 4 అని ఉంటుంది, మన పక్క చిన్న షాపుల్లో దొరకలేదు, వైజాగ్ నుంచి తెప్పించా. పాతవి 12 నంబరు, పదేళ్ళలో బెజ్జాలు వదులైపోయాయి కాబట్టి కొత్తవి ఇంకాస్త లావుండే 14 నంబరు తీసుకున్నాం, అదే బెజ్జంలో మళ్ళీ బిగిసి కూర్చున్నాయి.

బెజ్జాలు ఎందుకు వదులవుతాయి అంటే ఎండ. 20 అడుగుల రేకు పొద్దుటికీ మధ్యాహ్నానికీ 40 డిగ్రీలు వేడెక్కిందనుకోండి, దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతుంది, సాయంత్రం మళ్ళీ ముడుచుకుంటుంది. రోజూ ఇదే పని. మధ్యలో స్క్రూ అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది, కింద రబ్బరు వాషర్ ఎండకి ఎండి పగులుతుంది, ఆ పగుళ్ళలోంచి నీళ్ళు దిగుతాయి. బాగున్న ఆ 41 స్క్రూలు కూడా అందుకే తీసేశాం, తల మెరుస్తోంది గానీ వాషర్ గోటితో గీరితే పెచ్చులూడింది.

బిగించడం మాత్రం అన్నని కూడా నెమ్మదిగా చెయ్యమని బతిమాలుకున్నా. డ్రిల్ ఉంది కదా అని గర్రున బిగిస్తే రేకు గట్టు సొట్టపడి, రబ్బరు బయటికి పిండుకొచ్చి ఏడాదికే చీలిపోతుంది. ఇనుప వాషర్ అంచు దాకా రబ్బరు కొద్దిగా ఉబ్బితే చాలు, అక్కడ ఆపెయ్యాలి. ఇంకోటి, ఒక వరుస మొత్తం ఒకేసారి విప్పకూడదు, ఒకటి తీసి ఒకటి కొట్టుకుంటూ పోవాలి, మధ్యలో గాలి లేస్తే కష్టం. రాలిన ఇనప రజను అదే రోజు మెత్తటి చీపురుతో ఊడ్చెయ్యాలి, మేం మొదటి రోజు ఒక మూల వదిలేస్తే తెల్లారేసరికి మంచుకి తడిసి మిరప్పొడి చల్లినట్టు అయింది.

ఎక్కేవాళ్ళు దయచేసి ఒక్కళ్ళే ఎక్కకండి. మేం నడుముకి తాడు కట్టుకున్నాం, స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు మీటర్ దగ్గర ఆపినా వీధి వైపు తీగలో కరెంటు ఉంటుంది కాబట్టి ఆ పక్కకి అసలు పోలేదు. తెల్లారి రేకు మీద మంచు ఉంటే గుడ్డతో తుడిచాకే కాలు పెట్టాలి, స్క్రూ వరుస మీదే నడవాలి, కింద పైపు ఉండేది అక్కడే. వెలుతురు కోసం మధ్యలో వేసే ఫైబర్ రేకు మీద మాత్రం అస్సలు అడుగు వెయ్యొద్దు, ఎండకి పెళుసైపోయి ఉంటుంది, మనిషి నేరుగా కింద పడతాడు. పది దాటితే రేకు మీద చెయ్యి పెట్టలేం, దిగిపోయేవాళ్ళం, అమ్మ అప్పటికే చద్దన్నం మజ్జిగ కలిపి పెట్టేది.

స్క్రూల చుట్టూ రేకు ఎర్రబడ్డ చోట్ల ఉత్త మరకే అయితే తుడిచి వదిలేశాం. నిజంగా తిన్నచోట గీకి రెడ్ ఆక్సైడ్ కొట్టి పైన నీలం ఎనామిల్ వేశాం.

తర్వాత వారం పెద్ద వానే పడింది. అమ్మ ఫోన్ చేసి వంటిల్లు పొడిగా ఉంది, వసారాలో మాత్రం దూలం పక్కన చెమ్మ కనబడుతోంది అంది. అది స్క్రూ కాదు, వీడియోలో చూపించమంటే తెలిసింది, నడికొప్పు మీద వేసిన రిడ్జ్ ముక్కలు రెండూ కలిసే చోట ఒకదాని మీద ఒకటి సరిగ్గా ఎక్కలేదు. అన్నకి చెప్పా, దీపావళికి నేను వచ్చినప్పుడు ఇద్దరం కలిసి అది విప్పి మళ్ళీ వేస్తాం.